ముందు అద్దం మరమ్మతు: ఏ పని ఒప్పుకోవాలి, ఏది వద్దనాలి

ప్రశ్న: నేను కార్ల షెడ్డులో పనిచేస్తున్నాను. రాయి తగిలి ముందు అద్దం చిట్లిందని వచ్చేవాళ్లు చాలామంది ఉన్నా, మా దగ్గర అద్దం మార్చడమే తప్ప బాగుచేసే ఏర్పాటు లేదు. తక్కువ పెట్టుబడితో ఈ మరమ్మతును సొంత వ్యాపారంగా పెట్టుకోవచ్చునని కొందరు చెబుతున్నారు. పని ఎలా నేర్చుకోవాలి? దీని మీదే ఆధారపడి బతకవచ్చునా?

జవాబు: బతకవచ్చు. దుకాణం కూడా తప్పనిసరి కాదు. పనిముట్లన్నీ ఒక పెట్టెలో పడతాయి కనుక బండి ఉన్న చోటికే వెళ్లి పని చేసి రావచ్చు. అయితే పనిముట్లు కొన్నంత సులువుగా నమ్మకం సంపాదించలేము. ఏ అద్దం బాగవుతుందో తెలియడంతోపాటు, ఏ అద్దాన్ని ముట్టుకోకూడదో కచ్చితంగా తెలిసి, ఆ మాట బండి యజమానికి మొహమాటం లేకుండా చెప్పగలిగినవారికే ఈ వ్యాపారం నిలుస్తుందని నా గట్టి అభిప్రాయం.

అందుకు ముందుగా అద్దం నిర్మాణం అర్థం కావాలి. విండ్‌షీల్డ్ ఒకే పలక కాదు. రెండు గాజు పలకల మధ్య పాలీవినైల్ బ్యూటిరాల్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ పొరను పెట్టి వేడితో, ఒత్తిడితో అతికిస్తారు. ఆ పొర మందం సాధారణంగా 0.76 మిల్లీమీటర్లు. రాయి తగిలితే చాలావరకు బయటి పలక మాత్రమే చిట్లుతుంది, ఆ చిట్లులోకి గాలి చేరుతుంది. ఆ గాలిని బయటికి లాగి, కాంతిని దాదాపు గాజులాగే వంచే రెసిన్ అనే జిగురు ద్రవాన్ని అక్కడ నింపి, అతినీలలోహిత కాంతితో గట్టిపరచడమే మనం చేసే మరమ్మతు. పగులు ఇక పాకకుండా ఆగుతుంది, మచ్చ బాగా తగ్గుతుంది. పూర్తిగా మాయం కాదు. ఈ చివరి మాట పని మొదలుపెట్టకముందే చెప్పాలి. పని అయ్యాక చెబితే అది సాకులాగే వినిపిస్తుంది.

చేతి పనిలో అసలు కష్టం నక్షత్రం ఆకారంలో చిట్లిన చోట ఉంటుంది. గుండ్రంగా చిట్లినది తేలికగా నిండుతుంది. నక్షత్రానికైతే సన్నటి కాళ్లుంటాయి. ఆ కాళ్ల కొసల దాకా రెసిన్ చేరకపోతే పగులు అక్కడి నుంచే మళ్లీ బయలుదేరుతుంది. సక్షన్ కప్పులతో అద్దానికి పట్టించిన చట్రంలో ఇంజెక్టర్ బిగించి, కొంతసేపు గాలి లాగి, తర్వాత ఒత్తిడితో రెసిన్ ఎక్కించి, మళ్లీ గాలి లాగి, ఇలా మార్చి మార్చి చేయాలి. మధ్యమధ్యలో లోపలి వైపు ముఖం చూసుకునే చిన్న అద్దం పెట్టి చూడండి. నల్లగా గానీ వెండిలా మెరుస్తూ గానీ గీత కనిపిస్తే అక్కడ ఇంకా గాలి ఉన్నట్లే. అది పోయేదాకా అతినీలలోహిత దీపం వెలిగించకూడదు, ఎందుకంటే ఒకసారి గట్టిపడిన రెసిన్‌ను వెనక్కి తీయలేము. అంతా నిండాక రాయి తగిలిన పైగుంటలో చిక్కటి రెసిన్ వేసి, పలుచటి ప్లాస్టిక్ ముక్క కప్పి గట్టిపరచి, మిగులును బ్లేడు నిలువుగా పట్టి గీకి, పాలిష్ చేస్తే పని ముగుస్తుంది.

ఎండలో ఈ పని చేయవద్దు. ఎండలోనూ అతినీలలోహిత కిరణాలు ఉంటాయి కనుక రెసిన్ కొసల దాకా చేరకముందే గట్టిపడుతుంది. చిట్లులో తడి ఉంటే ముందు మెల్లగా వేడి చేసి ఆరబెట్టాలి. రెసిన్ చర్మానికి పడని పదార్థం కాబట్టి చేతి తొడుగులు, కంటికి రక్షణ అలవాటు చేసుకోండి.

నేర్చుకోవడానికి మీకున్నంత అనుకూలత చాలామందికి ఉండదు. మీ షెడ్డులో తీసి పక్కన పడేసే పాత అద్దాలే మీ పాఠశాల. వాటి మీద చిట్లులు కొట్టి నింపుతూ, నక్షత్రపు చిట్లు ప్రతిసారీ పూర్తిగా నిండుతోందన్న నమ్మకం కుదిరేదాకా డబ్బు తీసుకుని ఎవరి బండినీ ముట్టుకోవద్దు.

ఇక వద్దనవలసినవి. పగులు లోపలి పలకకు చేరినా, మధ్య పొర దెబ్బతిన్నా, అద్దం అంచు వరకు పాకినా మార్చుకోమని చెప్పడమే సరైనది. చాలాకాలం వదిలేసి దుమ్ము, సబ్బునీరు చేరిన చిట్లు సరిగా నిండదు. అందుకే రాయి తగిలిన వెంటనే పారదర్శకమైన టేపు అతికించమని మీకు తెలిసిన డ్రైవర్లందరికీ చెప్పి ఉంచండి. డ్రైవర్ చూపుకు నేరుగా ఎదురైన చోట ఇంకా కఠినంగా ఉండాలి, ఎందుకంటే మిగిలే చిన్న మచ్చ కూడా రాత్రి ఎదుటి బండి వెలుగులో కంటికి అడ్డు తగులుతుంది. బ్రిటన్‌లో వాహనాల వార్షిక తనిఖీలో స్టీరింగ్ మధ్యకు ఎదురుగా 290 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలో, వైపర్ తుడిచే మేర, 10 మిల్లీమీటర్లకు మించిన దెబ్బను ఒప్పుకోరు. మిగిలిన వైపర్ మేరలో ఆ హద్దు 40 మిల్లీమీటర్లు. మీ చోట ఉన్న నిబంధన తెలుసుకుని దానికే కట్టుబడండి. కొత్త కార్లలో అద్దం వెనుక కెమెరా ఉన్న చోట చిట్లితే, తయారీదారు సూచన చూడనిదే చేయి పెట్టవద్దు.

ఆదాయం విషయానికి వస్తే, ఒక్కొక్క కారు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే నెలంతా ఒకేలా గడవదు. ట్యాక్సీలు, బస్సులు, సరుకు బండ్లు ఎక్కువగా ఉన్న సంస్థలతో మాట్లాడుకుని, వారం వారం వెళ్లి వాళ్ల అద్దాలన్నీ చూసివచ్చే ఒప్పందం పెట్టుకోండి. ఒకే అద్దం మీద రెండో చిట్లుకు ధర తగ్గించడం న్యాయం, ఎందుకంటే ప్రయాణం, ఏర్పాటు ఖర్చు అప్పటికే వచ్చేసి ఉంటాయి. బీమా ఉన్నవారిని పని ఒప్పుకునే ముందే తమ సంస్థను అడగమనండి. మార్పిడి కన్నా మరమ్మతు చవక కనుక దానికే మొగ్గు చూపే సంస్థలు ఉన్నాయి.

ప్రశ్న: ఈ పని కొత్తగా మొదలుపెట్టాను. చిన్న చిట్లు బాగుచేస్తుండగా పగులు ఒక్కసారిగా జానెడు పాకింది. యజమాని కొత్త అద్దం ఇప్పించమంటున్నారు. నేను ఇవ్వాలా?

జవాబు: ఇలా జరగవచ్చునని మీరు ముందుగా చెప్పి ఉంటే ఇవ్వనక్కరలేదు. చెప్పకపోతే ఆయన కోపం అన్యాయం కాదు. మరమ్మతు రుసుము వదులుకుని, అద్దం ఖర్చులో కొంత భరించి రాజీ చేసుకోవడం మంచిది. చిట్లిన గాజులో ఒత్తిడి అణగి ఉంటుంది. ఇంజెక్టర్‌ను అతిగా బిగించినా, ఎండకు కాగిన అద్దం మీద లోపలి నుంచి చల్లగాలి తగిలినా అది పగులుగా బయటపడుతుంది. అద్దాన్ని నీడలో నెమ్మదిగా చల్లారనిచ్చి, ఏసీ ఆపించి, ఆ తర్వాతే మొదలుపెట్టండి. ఇకమీదట ప్రతి పనికీ ముందు ఫోటో తీసి, పగులు పాకే అవకాశం ఉందని, మచ్చ కొంత మిగులుతుందని రాసిన కాగితం మీద సంతకం తీసుకోండి.

ప్రశ్న: కారు పక్క అద్దాలను, వెనుక అద్దాన్ని కూడా ఇలాగే బాగుచేయవచ్చునా?

జవాబు: సాధారణంగా కుదరదు. అవి చాలావరకు టెంపర్డ్ గాజు, అంటే బాగా వేడి చేసి వేగంగా చల్లార్చి గట్టిపరచిన ఒకే పలక. పగిలితే చిన్న చిన్న గుళికలుగా రాలిపోతుంది తప్ప చిట్లి నిలవదు. కొన్ని కార్లకు పక్కన కూడా పొరల గాజు అమర్చి ఉంటుంది కాబట్టి అద్దం మూలనున్న ముద్ర చదివి నిర్ణయించుకోండి. టెంపర్డ్ అయితే ఆ యజమానిని అద్దాలు మార్చే దుకాణానికి పంపండి. వెనుక అద్దంలో ఆవిరి పోగొట్టే తీగలు, కొన్నిటిలో ఏరియల్ కూడా ఉంటాయి కనుక సరిగ్గా అదే రకం అద్దం అడిగి వేయించుకోమని చెప్పండి.