దేవుడు నాకే ఎందుకు తక్కువ చేశాడు?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. తెనాలిలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. మావారు ఒక షాపులో లెక్కలు రాస్తారు. నా ఇద్దరు చెల్లెళ్లూ అమెరికాలో స్థిరపడ్డారు. అమ్మ పోయాక వాళ్లను పెంచింది నేనే. మొన్న చిన్నది డాలస్‌లో గృహప్రవేశం చేసుకుని ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలు పెట్టింది. ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాను. మావారికి ఏ చెడు అలవాట్లూ లేవు, పాపకు ఈమధ్యే నర్సు ఉద్యోగం వచ్చింది. అయినా దిగులు వదలడం లేదు. శుక్రవారం పూజ ఎన్నడూ మానలేదు. నాకే ఎందుకిలా? – ఓ సోదరి

జవాబు: అమ్మా, తల్లి లేని పిల్లలను పెంచి పెద్దచేసిన మనిషికి, ఆ పిల్లల ఇల్లు ఫోనులో చూడాల్సి రావడం బాధే. అందులో అసూయ ఒక్కటే లేదు. 'అక్క వల్లే ఇంతదాకా వచ్చాం' అన్న మాట కోసం మీరు ఎదురుచూస్తున్నారేమో అనిపిస్తోంది.

అయితే మీ ఉత్తరంలో ఒకటి గమనించాను. భర్త మంచితనాన్నీ, కూతురి ఉద్యోగాన్నీ ఒక్క ముక్కలో దాటేశారు. ఆర్డరు వచ్చిన రోజు మీ ఇంట్లో ఏం జరిగింది? మొదటి జీతం తెచ్చి పాప ఎవరి చేతిలో పెట్టింది? అది రాయలేదు. ఇన్నేళ్ల పూజలో మీరు అడిగినది బహుశా ఇదే. వచ్చినప్పుడు మాత్రం కన్ను ఇంకోవైపు ఉంది.

'నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లను చూసి తృప్తిపడు' అని చాలామంది చెప్తారు. నేను చెప్పను. పక్కవాళ్ల ఇంటితో పోల్చుకోవడం ఎలాంటిదో, పక్కవాళ్ల కష్టంతో పోల్చుకోవడమూ అలాంటిదే.

దేవుడి మీద అలగకూడదనీ అనను. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో ఏళ్ల తరబడి మగ్గాడు. చేయించిన నగలన్నీ ఏకరువు పెట్టి, ఎవరి సొమ్మని కులుకుతున్నావని రాముణ్నే నిలదీశాడు. వెంటనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, నొచ్చుకోకు అని బతిమాలుకున్నాడు. ఎంత కోపమొచ్చినా ఆయన మాట్లాడింది రాముడితోనే. మీరు మాత్రం రాత్రంతా మీతో మీరే చెప్పుకుని ఏడుస్తున్నారు. అలా ఏడ్చే కొద్దీ బాధ పెరుగుతుందే తప్ప వినేవాళ్లుండరు. ఈ శుక్రవారం దీపం పెట్టాక మీ ఫిర్యాదు పైకి చెప్పండి, మొహమాటపడకండి. ఆ తర్వాత ఆ వారంలో మీకు అందినదాన్ని కూడా అలాగే వివరంగా చెప్పండి. 'అంతా నీ దయ' అని ముగించేయకండి. పాప డ్యూటీ దిగి క్షేమంగా ఇంటికొచ్చిందనో, మావారు అడక్కుండానే మందులు తెచ్చారనో చెప్పండి. మొదట్లో మాటలు రావు. కొన్ని వారాలకు, అలాంటి మంచి పగటిపూట జరిగేటప్పుడే దాన్ని గుర్తుపట్టడం అలవాటవుతుంది.

సొంతిల్లు కోరుకోవడం తప్పేమీ కాదు. ముగ్గురూ కూర్చుని, ఎంత దాచగలరో లెక్క వేసుకోండి. కానీ పాప జీతమంతా ఇంటికే కట్టేయొద్దు, దాని పెళ్లీ పైచదువూ ఉన్నాయి.

నిద్ర, ఆకలి రెండు వారాలకు మించి సరిగా లేకపోతే డాక్టరును కలవండి. మనసు బాగోలేనివాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మందు వాడితే భక్తి తగ్గినట్టు కాదమ్మా.

ఇక చిన్న చెల్లెలికి ఫోన్ చేయండి. ఇల్లు బాగుందని చెప్పండి. 'నువ్వు గుర్తొచ్చి ఏడ్చానే' అని కూడా చెప్పండి.