మొదటిసారి కాన్‌కి వెళ్తున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. "సైన్స్ ఫిక్షన్ కాన్‌కి టికెట్టు కొన్నాను, అక్కడ ఎలా మసలుకోవాలో చెప్పు పెద్దమ్మా" అని రాశావు. కాన్ అంటే కన్వెన్షన్, అభిమానులంతా ఒకచోట చేరే సమ్మేళనం. ముందు ఆ టికెట్టు అన్న మాట మార్చుకో తల్లీ. నువ్వు తీసుకున్నది సభ్యత్వం. వ్యాపార సంస్థలు నడిపే పెద్ద కామిక్ షోలలో నువ్వు ప్రేక్షకురాలివి: డబ్బు కడతావు, వరసలో నిలబడతావు, తారతో ఫోటో దిగుతావు, ఇంటికొస్తావు. అభిమానులు నడిపే కాన్‌లో బ్యాడ్జీలు ఇచ్చేవాళ్ళకీ, కుర్చీలు మోసేవాళ్ళకీ, మొత్తం నెత్తిన వేసుకున్న అధ్యక్షులకీ జీతాలుండవు. చాలామంది తమ సభ్యత్వానికి తామే డబ్బు కట్టుకుంటారు. 1939 జూలైలో న్యూయార్క్‌లో మొదటి వరల్డ్‌కాన్, అంటే ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమ్మేళనం, జరిపింది అభిమానులే, ఇప్పటికీ జరుపుతున్నది వాళ్ళే. కాబట్టి ఏదైనా సరిగా లేకపోతే "ఇంత డబ్బు కట్టాను" అని గొడవపడకు, "నేనేమైనా సాయం చేయనా" అని అడుగు. కొత్తవాళ్ళకు తలుపులు తెరిచే మాట అదే.

గది సంగతి వెంటనే చూడు. కాన్ వాళ్ళు హోటల్‌తో మాట్లాడి కొన్ని గదులు తక్కువ ధరకు పక్కన పెట్టిస్తారు. బుకింగ్ తెరిచిన రోజే అవి ఎగిరిపోతాయి. నాలుగు వీధుల అవతల చౌకగా దొరికిందని మురిసిపోకు. రోజుకు మూడుసార్లు గదికి వెళ్ళి రావలసి వస్తుంది: పుస్తకాలు దింపడానికి, బట్టలు మార్చడానికి, ఒక గంట నడుము వాల్చడానికి. దూరమైతే వెళ్ళవు, సాయంత్రానికి సోలిపోతావు. బుక్ చేసేటప్పుడు పార్టీల అంతస్తు కావాలా, నిశ్శబ్దంగా ఉండే అంతస్తు కావాలా అని అడుగుతారు. నిశ్శబ్దమే కోరుకో. పార్టీకి లిఫ్టులో వెళ్ళొచ్చు గానీ, గోడకవతల పార్టీ జరుగుతుంటే నిద్రపోలేవు.

పెట్టె మూడింట రెండు వంతులే నింపు. తిరుగు ప్రయాణంలో పుస్తకాలుంటాయి. గట్టి అట్ట నవలలు పది కొన్నావంటే ఆరేడు కిలోలు చేరినట్టే. కొత్త చెప్పులు వద్దు, కనీసం రెండు వారాలు తొడిగి అలవాటైనవే తెచ్చుకో, ఎందుకంటే అక్కడ కాలికి బలపం కట్టుకుని తిరుగుతావు. హాళ్ళలో ఏసీ చలి ఎక్కువ, బయట వరసల్లో ఉక్క, అందుకని పైన వేసుకుని తీసేసే వీలున్న బట్టలు పెట్టుకో. నీళ్ళ సీసా, పవర్ బ్యాంకు, చిన్న నోటు పుస్తకం మర్చిపోకు. విమానంలో వెళ్తుంటే పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో వేయనివ్వరు.

బ్యాడ్జీ మీద నిన్ను ఏ పేరుతో పిలవాలనుకుంటున్నావో ఆ పేరే రాయించుకో, పూర్తి పేరు అక్కర్లేదు. తాడుకు వేలాడే బ్యాడ్జీ ఎప్పుడూ వెనక్కే తిరుగుతుంది. అవతలి మనిషి నీ పేరు కోసం తెల్ల అట్టను చూస్తూ నిలబడతారు. అందుకే వెనక వైపు కూడా మార్కరుతో పేరు రాసుకో, రెండు మీటర్ల దూరం నుంచి కనిపించేంత పెద్ద అక్షరాలతో. దాని కింద రంగురంగుల రిబ్బన్లు అంటించుకునేవాళ్ళు కనిపిస్తారు. "మీ దగ్గర రిబ్బనుందా?" అని అడిగితే చాలు, మాట మొదలైపోతుంది. భవనం దాటి వీధిలోకి వెళ్ళేటప్పుడు బ్యాడ్జీ తీసి జేబులో పెట్టుకో. పోతే మళ్ళీ ఇవ్వడానికి చాలా చోట్ల డబ్బు తీసుకుంటారు, కొన్ని చోట్ల మొత్తం సభ్యత్వమే మళ్ళీ కొనమంటారు.

ఇక కార్యక్రమాల పట్టిక. ఒకే గంటలో ఎనిమిదో పదో అంశాలు కనిపిస్తాయి, పెద్ద కాన్‌లో ఇంకా ఎక్కువ. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు మొదటిసారి వచ్చినవాళ్ళు పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి పదకొండు దాకా ఖాళీ లేకుండా గళ్ళన్నీ నింపేసుకుంటారు. రెండో రోజు మధ్యాహ్నానికల్లా ఎవరేం చెప్పారో ఒక్కటీ గుర్తుండదు. రోజుకు మూడు నాలుగు ఎంచుకో, మధ్యలో గంట ఖాళీ ఉంచుకో. ప్రతి గంటకూ ఒకటి మనసుకు నచ్చినదీ, అది నిండిపోతే వెళ్ళడానికి పక్క గదిలో ఇంకొకటీ గుర్తు పెట్టుకో. ప్యానెల్, అంటే కొందరు కలిసి ఒక అంశం మీద చేసే చర్చ, మామూలుగా యాభై నిమిషాలు ఉంటుంది, మిగిలిన పది నిమిషాలు గది మారడానికి. పేరున్న రచయిత ఉన్న ప్యానెల్‌కి ఆ పది నిమిషాలు చాలవు, ముందు గంటను వదులుకోవాలి. ఎంచుకునేటప్పుడు అంశం కంటే చర్చ నడిపే మోడరేటర్‌ను చూడు. మంచి మోడరేటర్ ఉంటే పాత అంశం కూడా కొత్తగా వినిపిస్తుంది. మోడరేటరే సగం సేపు మాట్లాడితే మాత్రం లేచి వచ్చెయ్. తలుపు దగ్గర కూర్చుంటే ఎవరికీ అడ్డం పడకుండా రావచ్చు, ఇక్కడ అలా లేచి రావడం మర్యాదకు లోటు కాదు. ముందు వరసలో చెవుడు ఉన్నవాళ్ళకూ, చూపు తక్కువవాళ్ళకూ ఉంచిన కుర్చీల్లో కూర్చోకు. నేల మీద టేపు అంటించిన చోట చక్రాల కుర్చీలు నిలుస్తాయి, అక్కడ సంచి కూడా పెట్టొద్దు.

చివరి పది పదిహేను నిమిషాలు ప్రశ్నలకు వదులుతారు. చెయ్యెత్తేముందు ప్రశ్నను నోటు పుస్తకంలో ఒకే వాక్యంగా రాసుకో. ఒక్క వాక్యంలో ఇమడకపోతే అది ప్రశ్న కాదు, నీ ఉపన్యాసం. "ఇది ప్రశ్న కాదు గానీ, నా అభిప్రాయం ఏంటంటే..." అని మొదలుపెట్టేవాళ్ళు ప్రతి కాన్‌లోనూ ఉంటారు, గది మొత్తం ఒక్కసారిగా నిట్టూరుస్తుంది.

సంతకాల దగ్గర ఒక్కొక్కరికి రెండు మూడు పుస్తకాల పరిమితి ఉంటుంది. ఎక్కువ తెస్తే మళ్ళీ వరస చివరికి వెళ్ళి నిలబడాలి. నీ పేరు స్పెల్లింగ్ చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి, పేరు పేజీ దగ్గర ఆ చీటీ పెట్టి పుస్తకం తెరిచి ఇవ్వు. రచయిత తింటున్నప్పుడూ, బాత్‌రూమ్ దారిలోనూ పుస్తకం పట్టుకుని వెళ్ళకు. తీరిగ్గా మాట్లాడాలని ఉంటే కాఫీక్లాచ్ అని ఒకటి ఉంటుంది, కొన్ని చోట్ల టేబుల్ టాక్ అంటారు. ఒక రచయిత, చుట్టూ ఎనిమిది పదిమంది, గంట సేపు. పేర్ల నమోదు ఎప్పుడు తెరుస్తారో ముందే కనుక్కుని, ఆ నిమిషానికి సిద్ధంగా ఉండు. చోటు దొరికాక వెళ్ళలేకపోతే పేరు కొట్టేయించు, నీ ఖాళీ కుర్చీ కోసం ఎవరో ఏడుస్తూ ఉంటారు.

బొమ్మలు చూపించి అమ్మే ఆర్ట్ షో గురించి కొంచెం వివరంగా చెప్పాలి, కొత్తవాళ్ళు చేతులు కాల్చుకునేది అక్కడే. లోపలికి సంచులు తీసుకెళ్ళనివ్వరు, ఫోటోలు తీయనివ్వరు. ముందు బల్ల దగ్గర బిడ్డరు నంబరు, అంటే ధర పాడేవాళ్ళకిచ్చే నంబరు, తీసుకోవాలి. ప్రతి బొమ్మ దగ్గరా ఒక కాగితం ఉంటుంది: పేరు, దేనితో వేశారు, అసలుదా ప్రింటా, కనీస ధర. కింద ఖాళీ గీతలు. నీ నంబరు, పేరు, మొత్తం రాశావంటే అది మాట ఇచ్చినట్టే, తర్వాత కొట్టేయడం కుదరదు. గీతల్లో ఇన్ని బిడ్లు పడితే బొమ్మ వేలానికి వెళ్తుందని ఒక సంఖ్య పెడతారు. ఆ సంఖ్య కాన్‌ను బట్టి మారుతుంది కాబట్టి కాగితం అడుగున చదువుకో. అంతకంటే తక్కువ పడితే చివర రాసినవాళ్ళదే బొమ్మ. "మూడింటికి రాస్తే ఒకటి దక్కుతుందిలే" అనుకోవద్దు. మూడూ నీకే రావచ్చు, మూడింటికీ డబ్బు కట్టాలి. పర్సులో ఎంత ఉందో దానికి మించి ఒక్క గీత కూడా రాయకు. గెలిచినవి తీసుకునే వేళ ఆఖరి రోజున ఉంటుంది, రైలు ఆ వేళకు ముందు బుక్ చేసుకోకు. చుట్టి తెచ్చుకోవడానికి గట్టి అట్ట గొట్టం కూడా పెట్టెలో పెట్టుకో.

అమ్మకాలు జరిగే డీలర్ల గదికి రెండుసార్లు వెళ్ళు. మొదటిసారి కొనకుండా చుట్టి చూడు. ఒక్క ప్రతే ఉన్న పాత పుస్తకం కనిపిస్తే మాత్రం అప్పుడే కొను, తిరిగొచ్చేసరికి ఉండదు. మామూలు కొత్త పుస్తకాలకు ఆఖరి రోజు దాకా ఆగొచ్చు, ఇంటికి మోసుకెళ్ళడం ఇష్టంలేని అమ్మకందారు ధర తగ్గిస్తాడు. వేలమంది ఒకే నెట్‌వర్కు మీద పడటంతో కార్డు మెషిన్లు మొరాయిస్తాయి, కొంత నగదు దగ్గరుంచుకో.

వేషం వేస్తానన్నావు, వెయ్యి. ఈ ముచ్చట మొదటి వరల్డ్‌కాన్ నాటిదే: మర్టిల్ డగ్లస్ అనే అభిమాని కుట్టిన భవిష్యత్ కాలపు దుస్తుల్లో ఆవిడా, ఫారెస్ట్ ఆకర్‌మన్ అనే ఇంకో అభిమానీ వచ్చారు. కాన్‌కి వెళ్ళేముందు ఆ వేషం మూడు గంటలు ఇంట్లో తొడుక్కుని ఉండు. కూర్చో, మెట్లెక్కు, తలుపులో నుంచి దాటు, ముఖ్యంగా బాత్‌రూమ్‌కి వెళ్ళిరా. రెక్కలుంటే నీ వెడల్పు కొలుచుకో, ఎనభై సెంటీమీటర్ల తలుపులో ఇరుక్కుంటే నవ్వులపాలవుతావు. ఫోమ్ కవచం అతుకులకు వేడి జిగురు వాడితే ఎండలో కారు డిక్కీలో ఉన్నంతసేపట్లో మెత్తబడి ఊడిపోతుంది. కాంటాక్ట్ సిమెంటు అనే జిగురు రెండు వైపులా పలచగా రాసి, వేలికి అంటుకోకుండా జిగటగా అయ్యేదాకా, అంటే పది నిమిషాల దాకా ఆగి అతికించు. గాలి ఆడే చోట రాయి, ఆ వాసన తలకెక్కుతుంది. తడిగా ఉండగానే నొక్కితే పట్టదు, చాలామంది చేసే తప్పు అదే. లైట్ల బ్యాటరీ వేషం విప్పకుండా అందే చోట పెట్టుకో. పిన్నీసులు డజను, సూదీ దారం, తక్షణ జిగురు, రెండు వైపులా అంటుకునే టేపు, మీటరు నల్ల ఎలాస్టిక్, నాలుగు జిప్ టైలు (బిగించే ప్లాస్టిక్ పట్టీలు) ఒక సంచిలో వేసి తోడొచ్చేవాళ్ళ చేతిలో పెట్టు. వేషంలో ఉన్నప్పుడు నీకు జేబులుండవు, చూపు సగమే ఉంటుంది, తోడు మనిషి తప్పనిసరి. కత్తీ తుపాకీ వేషంలో భాగమైతే ఆయుధాల నియమాలు ముందే చదువు. అసలు లోహపు అంచులు చాలా చోట్ల ఒప్పుకోరు, బొమ్మవాటికి కూడా ఒరలోంచి రాకుండా జిప్ టై బిగించి గుర్తు పెడతారు. వేదిక మీద పోటీకి వెళ్ళాలనుకుంటే కొత్తవాళ్ళ తరగతిలో పేరివ్వు. నీకు దొరికేది నిమిషమో అంతకంటే కొంచెమో. పాట ఫైలు రెండు చోట్ల పెట్టుకుని రిహార్సల్‌కి వెళ్ళు, ఎగ్గొడితే వేదిక ఎక్కనివ్వకపోవచ్చు. ఎవరి ఫోటో తీయాలన్నా ముందు అడుగు, వేషాన్ని ముట్టుకోకు. నిన్ను అడగకుండా ఎవరైనా ముట్టుకుంటే మొహమాటపడకు, వెంటనే గట్టిగా చెప్పు, తర్వాత నిర్వాహకులుండే ఆపరేషన్స్ బల్ల దగ్గరకు వెళ్ళి ఫిర్యాదు చెయ్యి. ప్రవర్తనా నియమావళి ఉన్నది అందుకే.

ఒంటి సంగతి. కాన్‌లలో పాత లెక్క ఒకటుంది: 5-2-1. రోజుకు కనీసం ఐదు గంటల నిద్ర, రెండు పూటలు సరైన భోజనం, ఒక స్నానం. మూడో అంకె తేలికే అనుకుంటావు, మూడో రోజు లిఫ్టు ఎక్కాక తెలుస్తుంది. హాస్పిటాలిటీ గది ఉంటే కాఫీ, చిరుతిళ్ళు ఉచితంగా దొరుకుతాయి, కానీ చిప్స్‌తో పూట గడపకు. గొంతు పోవడం ఖాయం, కాబట్టి నీళ్ళు తాగుతూ ఉండు. ఇంటికొచ్చాక రెండు మూడు రోజుల్లో జలుబూ దగ్గూ పట్టుకుంటాయి, దానికి కాన్ క్రడ్ అని పేరు కూడా ఉంది. కిక్కిరిసిన గదుల్లో మాస్కు వేసుకుంటే, చేతులు కడుక్కుంటూ ఉంటే చాలావరకు తప్పించుకోవచ్చు. తిరిగొచ్చిన మర్నాడే ఆఫీసు పెట్టుకోకు.

నీకు సిగ్గెక్కువ, ఎవరితోనూ మాట కలపలేనన్నావు. వాలంటీర్ల బల్ల దగ్గర పేరిచ్చి మొదటి రోజే రెండు మూడు గంటల పని తీసుకో. తలుపు దగ్గర బ్యాడ్జీలు చూడటమో, గదిలో సమయం అయిందని అట్ట చూపించడమో. పనిలో ఉన్నవాళ్ళతో మాట్లాడటానికి సాకు వెతకనక్కర్లేదు, అవతలివాళ్ళే పలకరిస్తారు. గుంపుగా నిలబడి మాట్లాడుకుంటున్నవాళ్ళ దగ్గర ఒక అడుగు దూరంలో ఆగు. జరిగి చోటిచ్చారా, కలువు. ఇవ్వలేదా, ఏదో సొంత మాట, ముందుకు సాగిపో. "ఈ మధ్య ఏం చదివారు?" అన్న ప్రశ్న ఎక్కడైనా పనిచేస్తుంది.

నువ్వు వెళ్ళేది వరల్డ్‌కాన్ అయితే ఇంకొకటి. సైన్స్ ఫిక్షన్, ఫ్యాంటసీ రచనలకిచ్చే, 1953లో మొదలైన హ్యూగో అవార్డుల ఓటర్లు సభ్యులే, న్యాయనిర్ణేతల సంఘమేదీ లేదు. ఓటునిచ్చే డబ్ల్యూఎస్ఎఫ్ఎస్ (వరల్డ్ సైన్స్ ఫిక్షన్ సొసైటీ) సభ్యత్వం తీసుకున్నావో లేదో చూసుకో, ఒక రోజు పాసుకు ఓటు రాదు. నచ్చిన వరసలో 1, 2, 3 అని అంకెలు వేస్తావు. మొదటి అంకెలు తక్కువ పడిన రచన తప్పుకుంటుంది, ఆ ఓట్లు ఆయా బ్యాలెట్ల మీద తర్వాతి అంకె ఉన్నవాటికి వెళ్తాయి. ఏదీ తగినది కాదనిపిస్తే 'నో అవార్డ్' గడి కూడా ఉంది. చదవనివాటికి అంకె వేయకు. ఓటింగు కాన్‌కి ముందే ముగుస్తుంది, అక్కడికెళ్ళి వేద్దామనుకుంటే కుదరదు. అక్కడ తేలేది ఇంకొకటి: రెండేళ్ళ తర్వాతి వరల్డ్‌కాన్ ఏ ఊళ్ళో జరగాలన్నది. దానికి ఓటు వేయాలంటే ఆ కాన్‌కి రుసుము ముందే కట్టాలి. పోటీ పడే ఊళ్ళవాళ్ళు రాత్రిళ్ళు పార్టీలు ఇస్తారు, ఎవరైనా వెళ్ళొచ్చు.

ఆఖరి రోజు మధ్యాహ్నానికి జనం పలచబడతారు, నువ్వు మాత్రం ఆ రాత్రికి ఉండు. ముగింపు సభ అయ్యాక కుర్చీలు సర్దడానికి చేతులు కావాలి, ఆ తర్వాత అలిసిపోయిన పనివాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకునే డెడ్ డాగ్ పార్టీ ఉంటుంది. వేదిక మీద నోరు మెదపని పెద్ద పెద్దవాళ్ళు అక్కడ కాళ్ళు చాపుకుని మనసువిప్పి మాట్లాడతారు. గది ఇంకో రాత్రికి ఇప్పుడే పొడిగించుకో, తర్వాత దొరకదు.

నీ పెద్దమ్మ