ఉపవాసం ఉంటే కంట్లో చెత్తను కణాలే తినేస్తాయా?

మీ నాన్నగారికి డ్రై మాక్యులర్ డీజనరేషన్ (వయసుతో కంటి వెనకుండే రెటీనా తెర మధ్యభాగం దెబ్బతినే జబ్బు) అన్నారని, ఉపవాసాలు చేయిస్తే ఆటోఫజీ (కణం తనలోని చెత్తను తానే అరిగించుకోవడం) పెరిగి కంట్లో చెత్తంతా పోతుందని ఏదో వీడియోలో చూశానని, నిజమేనా అని అడిగారు. అలా పోదండీ. ఆ వీడియోలను నమ్మి డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా వేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మేముండేది చెన్నైలో, వేళచ్చేరి వైపు. అత్తయ్యది నెల్లూరు. ధనుర్మాసంలో మా వీధంతా కోలాలే, వాటి మధ్య మా గుమ్మం ముందు అత్తయ్య వేసే చుక్కల ముగ్గు. చాలా చేయి తిరిగిన మనిషి. ఒకరోజు తెల్లవారుజామున పిండిగిన్నె పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. "నడిమధ్యన చుక్కలు పెట్టినానా లేదా అమ్మాయ్? ఏందో కనపడలా. గీత కూడా వంకర పోతా ఉంది" అన్నారు. చూస్తే చుక్కలన్నీ ఉన్నాయి, గీత తిన్నగానే ఉంది.

పక్కింటావిడ శుక్లం అయ్యుంటుందన్నారు. కళ్లద్దాల షాపతను అప్పటికే నంబరు మార్చి కొత్త జత అంటగట్టాడు. వెనక రెటీనా చూపించుకోమని ఒక్క మాట అనలేదు. పెద్దవాళ్లు "కనపడలేదు" అంటే "వయసైపోయింది కదా" అని తేల్చేసే అలవాటు మన ఇళ్లలో మరీ ఎక్కువ.

ఆ వారమే రెటీనా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన తెలుగువారే. రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్ తెర మీద పెట్టి ఓపిగ్గా చెప్పారు. కుడికంట్లో కొత్త రక్తనాళాలు పుట్టి నీరు కారుతోంది, గీతలు వంకరగా కనిపించింది అందుకే. ఎడమకంట్లో రెటీనా కింద చిన్న చిన్న గుట్టలు. వాటినే డ్రూసెన్ అంటారు. రెండూ మీ నాన్నగారి జబ్బులోవే: కుడికన్నుది తడి రకం, ఎడమకన్నుది పొడి (డ్రై) రకం.

మీ ప్రశ్నకు జవాబు ఆ గుట్టల్లోనే ఉంది. వెలుతురును పట్టే కణాల చివర్లు రోజూ దాదాపు పదో వంతు రాలిపోతాయి. కింద ఉండే ఆర్‌పీఈ అనే పొరలోని కణాలు వాటిని మింగి, లైసోజోములనే తమ అరుగుదల సంచుల్లో అరిగించాలి. తమలో పాడైన మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగాలు) లాంటివాటిని కూడా అవే ఆటోఫజీతో వదిలించుకోవాలి. పెద్దయ్యాక ఈ కణాలు మామూలుగా విభజన చెందవు, పుట్టుకతో వచ్చినవాటితోనే జీవితాంతం నెట్టుకురావాలి. అరగనిది లిపోఫసిన్ అనే మడ్డిగా మిగిలి, వంటింటి చిమ్నీకి జిడ్డు పట్టినట్టు ఏళ్ల తరబడి పేరుకుంటుంది. వయసుతో లైసోజోముల సత్తువ తగ్గుతుంది, ఆటోఫజీ మందగిస్తుంది, పొర అడుగున డ్రూసెన్ చేరుతుంది, వాపు మొదలవుతుంది. ఆర్‌పీఈ కణం చస్తే దాని మీద ఆధారపడ్డ చూపు కణాలూ చస్తాయి.

మరి ఉపవాసం గొడవ ఎక్కడి నుంచి వచ్చింది? జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమి ఈస్ట్ కణాలను ఆకలితో మాడ్చి, ఆటోఫజీ నడిపే జన్యువులను పట్టుకున్నారు. 2016లో నోబెల్ ఇచ్చారు. గొప్ప పనే. కానీ ఈస్ట్ ఆకలికీ, డెబ్బై ఏళ్ల మనిషి రెటీనాకీ మధ్య ఎంత దూరం ఉందో ఈ వీడియోలవాళ్లు చెప్పరు. ఉపవాసంతో ఈ జబ్బు తగ్గుతుందని ఎవరూ నిరూపించలేదు. లూటిన్, జింక్ ఉండే ఏరెడ్స్2 మాత్రలు కూడా మధ్య దశలో ఉన్నవాళ్లకు జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేసేవే తప్ప కంటిని శుభ్రం చేసేవి కావు. సిగరెట్ మానితే మాత్రం కచ్చితంగా మేలు. మీ నాన్నగారికి ఆ అలవాటుంటే ముందు అది మాన్పించండి.

అత్తయ్యకు కుడికంట్లో ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కంట్లో సూది అనగానే అందరికీ టెన్షనే, ఆవిడకైతే ముందురోజు రాత్రి నిద్రే పట్టలేదు. నీరు తగ్గింది, గీతలు చాలావరకు సర్దుకున్నాయి. ఎడమకంట్లో కూడా గీతలు వంగుతున్నాయేమో ఇంట్లోనే చూసుకోవడానికి గళ్ల కాగితం ఇచ్చారు. చదివే అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి, మధ్య చుక్కనే చూడాలి. రెండు కళ్లూ తెరిచి చూస్తే ఒకదాని లోపం రెండోది కప్పేస్తుంది. మీ నాన్నగారి చేత కూడా ఇది చేయించండి. గీత వంగినా, మధ్యలో మసక కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం వారాలు ఆగకండి, వెంటనే వెళ్లండి. ఆయనకు షుగర్ మందులు నడుస్తుంటే, డాక్టరును అడక్కుండా ఉపవాసం జోలికే వెళ్లొద్దు.