చేతి మీద మచ్చల సంగతి తర్వాత, ముందు పాపతో మాట్లాడండి

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి 16 ఏళ్లు. హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం రాసి సెలవులకు వచ్చింది. ఇంత ఎండలోనూ పొడుగు చేతుల డ్రెస్సే వేసుకుంటోందని అనుమానం వచ్చి చూస్తే, ఎడమ ముంజేతి మీద వరసగా గాట్లు ఉన్నాయి. కొన్ని పాతవి, రెండు మూడు కొత్తవి. అడిగితే పిల్లి గీరిందంటోంది. నిద్ర పట్టడం లేదంటే మెడికల్ షాపులో అడిగి 0.25 మాత్ర తెచ్చి ఇరవై రోజులుగా రాత్రిపూట ఇస్తున్నాను. వాళ్ల నాన్న పనికి హైదరాబాద్ వెళ్లారు, ఆయనకు చెప్పలేదు. వచ్చే నెల మా మరిది పెళ్లి. బంధువుల కళ్లలో పడకముందే మచ్చలు పోవాలంటే ఏ క్రీము రాయాలి? లేజర్ చేయించవచ్చా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, మచ్చల గురించి చివర్లో చెబుతాను. మీరు రాసినదాంట్లో నాకు భయం వేసింది కొత్త గాట్లనీ, షాపు నుంచి తెచ్చిన మాత్రనీ చూసి. పాపను పరీక్షించకుండా జబ్బు పేరు పెట్టలేను. కానీ ఒకే చేతి మీద వరసగా పాతవీ కొత్తవీ గాట్లు, వేసవిలో పొడుగు చేతులు, నిద్రలేమి, ఈ మూడూ కలిసినప్పుడు తనకు తానే గాయం చేసుకుంటోందనే అనుకుని నడుచుకోవాలి. కాకపోతే సంతోషమే. పిల్లి మాట నమ్మి ఊరుకుంటే మాత్రం పోయేది సమయం.

ఇలా చేసుకునే పిల్లల్లో చాలామంది చావడానికి చేసుకోరు. లోపల భరించలేనంత బాధో, కోపమో, ఏమీ తెలియనట్టు మొద్దుబారిపోవడమో ఉంటుంది. గాయం దాన్ని కాసేపు దించుతుంది. ఆ కాసేపటి ఉపశమనమే మళ్లీ మళ్లీ చేయిస్తుంది. ఇది నాటకం కాదు, పొగరు కాదు. అలాగని తేలిగ్గా తీసుకునేదీ కాదు. ఈ అలవాటున్న పిల్లల్లో ముందుముందు ఆత్మహత్య ప్రమాదం మిగతావాళ్లకంటే ఎక్కువ. అందుకే అడగాలి, సూటిగా అడగాలి.

ఎలా అడగాలో చెబుతాను, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. గొడవ జరిగిన రాత్రి వద్దు, నలుగురి ముందు వద్దు. ఇద్దరే ఉన్నప్పుడు, కూర తరుగుతూనో మేడ మీద బట్టలు తీస్తూనో, పక్కపక్కన ఉండి మొదలుపెట్టండి. ఎదురుగా కూర్చోబెడితే పోలీసు విచారణలా ఉంటుంది. "నీ చేతి మీద గాట్లు చూశాను. తిట్టడానికి అడగడం లేదు. అంత బాధ నీలోనే పెట్టుకున్నావని నాకు కష్టంగా ఉంది" అనండి. తర్వాత ఆగండి. ఆ నిశ్శబ్దం రెండు నిమిషాలు సాగినా మీరు నింపకండి. "ఎందుకు చేశావు?" అంటే సంజాయిషీ అడిగినట్టుంటుంది, పిల్లలు మూసుకుపోతారు. "ఎలాంటప్పుడు అలా చేసుకోవాలనిపిస్తుంది? చేసుకున్నాక ఎలా ఉంటుంది?" అని అడిగితే చెబుతారు. చెప్పినదానికి వెంటనే పరిష్కారం చెప్పకండి, సగం మాటలోనే అడ్డుపడకండి.

మన ఇళ్లలో తప్పకుండా జరిగేది ఒకటుంది: "నా మీద ఒట్టు వెయ్యి, ఇంకెప్పుడూ చేయనని." దయచేసి ఒట్టు వేయించకండి. ఒట్టుతో ఆ కోరిక పోదు. ఒట్టు తప్పిన రోజు ఆ తప్పు కూడా నెత్తిన పడి, ఇంకాస్త కనపడని చోట చేసుకుంటుంది. "నువ్విలా చేస్తే నేను బతకను" అనడమూ అంతే. రోజూ చేతులు లాగి చూడడం, పిన్నికీ అత్తకీ ఫోన్ చేసి చెప్పడం కూడా వద్దు. వాళ్ల నాన్నకు మాత్రం చెప్పండి. దాచి చెప్పడం కాదు, పాపకు ముందే చెప్పి చెప్పండి. దూరంలో ఉన్నా ఆయన గొంతులో కోపం లేకుండా ఒక్క ఫోన్ వస్తే దానికి విలువ ఉంది.

కాస్త మాట కుదిరాక తప్పించుకోకూడని ప్రశ్న: "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని చాలామంది భయం. పుట్టదు. అడిగినందుకు చాలామంది పిల్లలకు బరువు దిగినట్టుంటుంది. అవునంటే, ఎలా చేసుకోవాలో ఆలోచన పెట్టుకుందా, ఇప్పుడు కూడా అనిపిస్తోందా అని నెమ్మదిగా అడగండి. దారీ సమయమూ అనుకుని ఉంటే ఆ రోజే ఆసుపత్రి, వెళ్లేదాకా ఒక్కక్షణం ఒంటరిగా వదలొద్దు. ఏమీ చెప్పకపోయినా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, వీడ్కోలు లాంటి మెసేజీలు, ఎన్నాళ్లో కుంగి ఉండి ఉన్నట్టుండి ప్రశాంతంగా మారిపోవడం కనిపిస్తే అలాగే చేయండి. కాదంది కదా అని వైద్యం మానకండి, మొదటిసారికే అన్నీ చెప్పరు.

ఇప్పుడు ఆ మాత్ర. పేరు రాయలేదు గానీ 0.25 నిద్రమాత్ర అంటే అల్ప్రజోలం గానీ క్లోనజెపామ్ గానీ అయ్యుండొచ్చు. అల్ప్రజోలం అయితే అది హెచ్1 షెడ్యూలు మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలో రిజిస్టర్లో రాసి 3 ఏళ్లు దాచాలి. అలాంటి మందు పదహారేళ్ల పిల్లకు వక్కపొడి పొట్లంలా చేతికొచ్చిందంటే అమ్మినవాళ్లదీ తప్పే, అడిగిన మీదీ తప్పే. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఈ మాత్ర నిద్ర తెప్పిస్తుంది గానీ బాధను ముట్టుకోదు. కొందరు పిల్లల్లో మనసుకుండే పగ్గాన్ని వదులు చేస్తుంది, మామూలుగా ఆగిపోయే పిల్ల ఆ మత్తులో ఆగదు. వారాల తరబడి వాడితే శరీరం అలవాటు పడుతుంది. అప్పుడు ఒక్కసారిగా ఆపితే నిద్ర మరీ పోతుంది, వణుకు వస్తుంది, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. ఇరవై రోజులైంది కాబట్టి మీ అంతట మీరు ఆపకండి, పెంచకండి. స్ట్రిప్ మీ దగ్గరే పెట్టుకుని ఇస్తున్నదే ఇస్తూ ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి, ఎలా తగ్గించాలో వాళ్లు రాసిస్తారు.

అదే చేత్తో ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక పెట్టెలో వేసి తాళం వేయండి, నాయనమ్మ బీపీ, షుగర్ మాత్రలతో సహా. పొలం మందులు ఇంట్లో ఉండకూడదు. వరికో, జీడి తోటకో కొన్న మిగులు డబ్బా మంచం కింద ఉంటే తీసేయండి, తాళం చెవి పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి. చావాలన్న తీవ్రమైన ఊపు చాలామందిలో కొద్ది నిమిషాలు, కొన్ని గంటలే ఉంటుంది. ఆ సమయంలో చేతికి ఏమీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది. ఒకవేళ ఏదైనా మింగిందని తెలిస్తే బాగానే కనిపిస్తున్నా 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి, డబ్బానో స్ట్రిప్పో వెంట తీసుకెళ్లండి. కొన్ని మందులు మొదటి రోజు ఏమీ చూపించవు, రెండు మూడు రోజుల తర్వాత కాలేయం దెబ్బతిన్నట్టు తెలుస్తుంది. విరుగుడు బాగా పనిచేసేది మొదటి కొద్ది గంటల్లోనే.

కొత్త గాట్ల విషయం. పంపు నీళ్లతో, మామూలు సబ్బుతో కడగండి. రక్తం వస్తుంటే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు తీసి చూడకుండా నొక్కి పట్టుకోండి. పసుపు, కాఫీ పొడి, సున్నం వద్దు. అవి గాయంలో ఇరుక్కుని చీము పట్టిస్తాయి, కుట్లు వేసేవాళ్లకు లోపల ఏముందో కనపడనివ్వవు. గాయం నోరు తెరుచుకుని ఉన్నా, వేళ్లు తిమ్మిరెక్కినా, మడవడం కష్టమైనా ఆ రోజే వెళ్లాలి, నరమో కండర తాడో తెగి ఉండొచ్చు. కుట్లు పడాల్సినవి 6 నుంచి 8 గంటల్లోపు పడితే మంచిది. ధనుర్వాతం టీకా చివరగా ఎప్పుడు వేయించారో కార్డులో చూడండి. 10, 16 ఏళ్లకు ఇచ్చే టీడీ పడకపోతే ఇప్పుడు వేయించండి.

అలా చేసుకోవాలనిపించినప్పుడు పావుగంట వాయిదా వేయడం పాపకు నేర్పవచ్చు. ఆ ఊపు అలలా లేచి దిగుతుంది. చల్లటి నీళ్లు ముఖం మీద చల్లుకోవడం, మెట్లు గబగబా ఎక్కి దిగడం, మీ పక్కన వచ్చి కూర్చోవడం, ఏదైనా సరే. చేతికి రబ్బర్ బ్యాండు వేసి లాగమని ఫోన్లలో చెబుతున్నారు. అది నాకు నచ్చదు, శరీరాన్ని నొప్పించడమే మళ్లీ.

ఎక్కడికి వెళ్లాలంటే, మీకు దగ్గర విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. శ్రీకాకుళం వైపు వాళ్లయితే రిమ్స్. ఓపీ చీటీ మానసిక వైద్య విభాగానికి తీసుకోండి. కేసు పెద్దదనుకుంటే విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపుతారు. ఆ పేరు విని భయపడకండి, అక్కడికి వెళ్లిన పిల్లకు పిచ్చి అని ముద్ర పడదు. వెళ్లేదాకా, లేదా అర్ధరాత్రి భయం వేస్తే, 14416కి ఫోన్ చేయండి. అది టెలీమానస్, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత సేవ, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. పాప కూడా చేయవచ్చు.

పోలీసు కేసవుతుందని కొందరు ఆసుపత్రికి రారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ లేదు. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయడం మామూలు నమోదు.

డాక్టరు పాపతో కొంతసేపు విడిగా మాట్లాడతారు, మీరు బయట ఉండాల్సిందే. నిద్ర, చదువు, హాస్టల్లో ఎవరైనా ఏడిపించడం, ఫోన్‌లో ఫోటోలతో బెదిరించడం, ఎవరైనా తప్పుగా ముట్టుకోవడం, ఇవన్నీ అడుగుతారు. రక్తం, థైరాయిడ్ పరీక్ష రాస్తారేమో. కౌన్సెలింగే ముఖ్య వైద్యం. అవసరమైతే మందు ఇస్తారు. దాని ఫలితం తెలియడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. ఈ వయసులో మొదటి వారాల్లో అస్థిమితం, చావు ఆలోచనలు పెరగవచ్చు కాబట్టి కనిపెట్టుకుని ఉండాలి, చెప్పిన తేదీకి వెళ్లాలి. తగ్గింది కదా అని మధ్యలో ఆపకండి. పైడితల్లి అమ్మవారికి మొక్కుకున్నారంటే మొక్కు తీర్చుకోండి, ఓపీ తేదీ మాత్రం తప్పకూడదు.

ఇక మచ్చలు. షాపులో తెల్లబడే క్రీము అని ఇచ్చే వాటిలో స్టిరాయిడ్ ఉండొచ్చు, తడి గాయం మీద రాస్తే మానదు, తోలు పలచబడుతుంది. గాయాలు పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ రోజుకు రెండుసార్లు రెండు మూడు నెలలు రాయవచ్చు, ఎండ తగలకుండా చూడాలి. ఎర్ర మచ్చ గోధుమ రంగుకు తిరిగి వెలిసిపోవడానికి ఏడాది పడుతుంది. పెళ్లిలోపు పోవు. లేజర్ గురించి కొత్త గాట్లు పడడం ఆగి కొన్ని నెలలయ్యాకే మాట్లాడాలి. పెళ్లిలో పొడుగు చేతుల జాకెట్టు కావాలో వద్దో పాపే చెప్పనివ్వండి. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఇద్దరూ ముందే అనుకోండి. ఓపీకి వెళ్లేటప్పుడు ఆ మాత్ర స్ట్రిప్, టీకా కార్డు, ఏ తేదీ నుంచి ఎన్ని మాత్రలు ఇచ్చారో రాసిన కాగితం పట్టుకెళ్లండి.