గ్యాస్ దీపాల కాలంలో బ్యాలే నర్తకుల జీవితం ఎలా ఉండేది?

వాడెవిల్ (పాటలు, ఆటలు, హాస్యం కలిసిన వినోద ప్రదర్శన), బ్యాలే వేదికల తొలినాటి నర్తకులు ఎలా బతికారని అడిగారు. నేను నర్తకిని కాను. వర్జీనియాలో మా అమ్మాయి బ్యాలే నేర్చుకునే రోజుల్లో వార్షికోత్సవాలకు టుటులు, అంటే బ్యాలే నర్తకులు వేసుకునే కుచ్చుల పావడాలు, కుట్టిపెట్టిన తల్లిని. ఒకసారి నిప్పంటుకోకుండా కాపాడే ద్రావణం చల్లి ఆరేస్తే, నెట్ గుడ్డ కుచ్చులన్నీ తెల్లవారేసరికి అట్టలా బిరుసెక్కాయి. అది వేసుకుంటే అడుగు పడదని అమ్మాయి మొండికేసింది. ఎమ్మా లివ్రీ అనే నర్తకి సంగతి నేను చదివింది ఆ తర్వాతే.

అప్పట్లో వేదికను గ్యాస్ దీపాలతో వెలిగించేవారు. పలుచని పావడాలతో నర్తకులు ఆ మంటలకు అతి దగ్గరగా తిరిగేవారు. మందులో ముంచిన గుడ్డ మంటను తట్టుకుంటుందని తెలిసినా, అది బిరుసెక్కి మాసినట్టు కనిపిస్తుందని పారిస్ ఆపెరా అనే ప్రసిద్ధ నాట్య, సంగీత సంస్థలో ఆడే లివ్రీ ఒప్పుకోలేదు. మామూలు పావడాతోనే ఆడతానని రాసి ఇచ్చింది. 1862 నవంబరు 15న రిహార్సల్‌లో ఆ పావడాకు దీపం అంటుకుంది. అప్పటికి ఆమెకు ఇరవయ్యేళ్లు. ఎనిమిది నెలలు యాతనపడి 1863 జూలైలో మరణించింది. ఆమెది మూర్ఖత్వమని, మా అమ్మాయి మొహం చూశాక, నేను అనలేను.

ఆపెరాలో నాట్యం నేర్చుకుంటూ ఇంకా పేరు రాని పిల్లల కష్టం వేరు. పారిస్‌లో వారిని ‘బుల్లి ఎలుకలు’ అనేవారు. బట్టలుతికి బతికే తల్లికి పుట్టిన మారీ వాన్ గోథెమ్ అలాంటి పిల్లే. ఆమెను చూసి ఫ్రెంచి కళాకారుడు దెగా చేసిన మైనపు బొమ్మ వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. మీటరు ఎత్తైనా లేని ఆ బొమ్మకు నిజమైన గుడ్డ పావడా, జడకు నిజమైన రిబ్బను. చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డం పైకెత్తి, కళ్లు సగం మూసుకుని నిలబడి ఉంటుంది. నేను చాలాసేపు ఆ పావడా కుచ్చులనే చూస్తూ ఉండిపోయాను. 1881లో దాన్ని ప్రదర్శిస్తే కొందరు విమర్శకులు కోతితో పోల్చారు. మరుసటి ఏడాది, క్లాసులకు సరిగా రావడం లేదని ఆపెరా మారీని తీసేసింది. చందా కట్టిన ధనికులకు తెరవెనుక నర్తకుల గదిలోకి ప్రవేశం ఉండేది. పేద కుటుంబాలు ఎన్నో వారి దయ మీద ఆశ పెట్టుకునేవి. దాన్ని కళాపోషణ అనడానికి నాకు నోరు రాదు.

అమెరికా జనరంజక వేదికల నుంచి వచ్చిన నర్తకి లోయీ ఫుల్లర్ పావడానే పెట్టుబడిగా చేసుకుంది. గజాలకొద్దీ పట్టును రంగురంగుల విద్యుత్ కాంతిలో తిప్పేది. తన నాట్యాన్ని మరొకరు అనుకరించారని 1892లో న్యూయార్క్‌లో దావా వేస్తే, కథ చెప్పని నాట్యానికి కాపీరైట్ లేదని కోర్టు చెప్పింది (ఆ లెక్కన భరతనాట్యంలో కథ లేని మన జతిస్వరానికీ ఉండదు!). చివరికి 1894లో, గుడ్డను ఊపడానికి చేత పట్టుకునే కర్రలు అమర్చిన తన దుస్తులకు పేటెంట్ తీసుకుంది.