ఫ్రాన్స్‌లో పిల్లలకి కూడా వైన్ పోస్తారట, నిజమేనా?

ప్రశ్న: మావాడు బీటెక్ అయ్యాక ఎమ్మెస్‌కి ఫ్రాన్స్ వెళ్తున్నాడండీ, లియాన్‌లో సీటొచ్చింది. "అక్కడ చిన్నప్పట్నుంచే భోజనంలో వైన్ అలవాటు చేస్తారమ్మా, అందుకే వాళ్ళు తాగినా అదుపులో ఉంటారు" అంటున్నాడు. మా ఆయనేమో అయితే ఇక్కడే కాస్త రుచి చూపించి పంపిద్దాం అంటున్నారు. నాకు గుండెల్లో రైళ్ళు పరిగెడుతున్నాయి, ఏం చెయ్యమంటారు? - ఓ తల్లి, విజయవాడ

జవాబు: మీవాడు చెప్పేది పాత ఫ్రాన్స్ సంగతి అమ్మా. ఒకప్పుడు బడి క్యాంటీన్లలోనే పిల్లలకి నీళ్ళు కలిపిన వైన్ పోసేవాళ్ళు, 1956లో 14 ఏళ్ళ లోపు వాళ్ళకి అది ఆపేశారు, మన ఇంటర్ స్థాయి వాళ్ళకి ఆపడానికి 1981 దాకా పట్టింది. తర్వాత 1991లో ఎవిన్ చట్టం తెచ్చి టీవీలో మందు యాడ్స్ తీసేశారు, 2009 నుంచి 18 నిండనివాళ్ళకి అసలు అమ్మకూడదు. చిన్నప్పుడు అలవాటు చేస్తే అదుపు దానంతటదే వచ్చేస్తే ఇన్ని రూల్స్ ఎందుకు చెప్పండి. 1960లో ఏడాదికి తలకి 100 లీటర్ల పైన వైన్ తాగిన దేశం ఇప్పుడు అందులో సగం కూడా తాగట్లేదు.

కానీ వాళ్ళు తాగే తీరు మాత్రం చూడాల్సిందే. ముందు తిండి, పక్కన నీళ్ళ జగ్గు (హోటల్లో అయితే ఫ్రీ), కబుర్లు చెప్పుకుంటూ రెండు గంటలు కూర్చుంటారు, గ్లాసు సగం కూడా నింపరు. మనవాళ్ళేమో ఖాళీ కడుపుతో మూడు పెగ్గులు దిగాక గానీ బిర్యానీ పొట్లం విప్పరు, తేడా అక్కడే వస్తుంది.

అక్కడ ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే, గ్లాసు ఖాళీ అయితే మళ్ళీ పోసేస్తారు, అందుకని అడుగున కాస్త ఉంచెయ్యమనండి. అసలొద్దనుకుంటే "నో, మెర్సీ" అంటే చాలు, వైన్ వద్దన్నందుకు పెద్దగా ఎవరూ ఫీలవరు. వాళ్ళ లెక్కలో ఒక గ్లాసంటే 100 మి.లీ. వైన్, అంటే 10 గ్రాముల ఆల్కహాల్, మన 60 మి.లీ. విస్కీ పెగ్గు దానికి రెట్టింపు. అక్కడి ఆరోగ్య శాఖ చెప్పేది రోజుకి 2, వారానికి 10 గ్లాసులు దాటొద్దని, మధ్యలో కొన్ని రోజులు పూర్తిగా మానెయ్యమని. అదీ రిస్క్ తగ్గడానికేగానీ మంచిదని కాదు, ఇంత తాగితే ఏం కాదు అనే లెవెలే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పేసింది. మీ ఆయన ప్లాన్ నాకు నచ్చలేదు, ఇంట్లో రెండు గుక్కలు తాగిస్తే ఎవరికీ అదుపు రాదు.

నిజానికి నాకు భయం భోజనం బల్ల దగ్గర కాదు, స్టూడెంట్ పార్టీల్లో. అక్కడ వైన్ కన్నా బీరు, వోడ్కా షాట్లే ఎక్కువ నడుస్తాయి, పందేలు వేసుకుని మరీ తాగుతారు. ఎవరైనా స్పృహ తప్పితే పడుకుంటే దిగిపోతుందిలే అని వదిలెయ్యొద్దని, పక్కకి తిప్పి పడుకోబెట్టి, దగ్గరే ఉండి 15కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యాలని చెప్పండి, ఆ రెండు నంబర్లూ ఫ్లైట్ ఎక్కేలోపే ఫోన్‌లో సేవ్ చేయించండి.