పీ-32కి సీసం ఏప్రాన్ ఎందుకు వద్దంటారు?

ప్రశ్న: ఈ మధ్యే మాలిక్యులర్ బయాలజీ ల్యాబ్‌లో పరిశోధక విద్యార్థినిగా చేరాను. వచ్చే వారం ఫాస్ఫరస్-32 (పీ-32, రేడియోధార్మిక ఫాస్ఫరస్)తో డీఎన్ఏ ప్రోబ్‌ని (కావాల్సిన డీఎన్ఏని వెతికిపట్టే చిన్న డీఎన్ఏ ముక్కని) లేబుల్ చేయాలి, టెన్షన్‌గా ఉంది. సీసం ఏప్రాన్ అడిగితే సీనియర్ నవ్వేసి అక్రిలిక్ షీల్డ్ చాలన్నారు. పక్క బెంచిలో ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) వాడేవాళ్లకి అదీ లేదు! ఇదేం పద్ధతి?

జవాబు: పద్ధతి సరైనదే, మీ సీనియర్ నవ్వకుండా కారణం చెప్పుంటే సరిపోయేది. ఫాస్ఫరస్-32 నుంచి వెలువడే బీటా కణాలకి (వేగంగా దూసుకొచ్చే ఎలక్ట్రాన్లకి) శక్తి ఎక్కువ, గాలిలో దాదాపు 6 మీటర్ల దాకా పోగలవు, అవి నేరుగా సీసానికి తగిలితే ఎక్స్ కిరణాలు పుట్టుకొస్తాయి. సెంటీమీటరు మందం అక్రిలిక్ అయితే బీటాని పూర్తిగా ఆపేస్తుంది, ఆ ఎక్స్ కిరణాలూ బాగా తక్కువ. ట్రిటియం బీటా చర్మం పైపొరనే దాటలేదు, దానికి షీల్డ్ దండగ. అయితే అది గైగర్ కౌంటర్‌కీ (రేడియేషన్ తగిలితే మోగే పరికరానికీ) అందదు, కాబట్టి కౌంటర్ మోగలేదని బెంచి శుభ్రంగా ఉందనుకోవద్దు. ఫిల్టర్ పేపర్‌తో తుడిచి, ఆ పేపర్‌ని లిక్విడ్ సింటిలేషన్ కౌంటర్‌లో (రేడియేషన్ వల్ల ద్రవంలో పుట్టే మెరుపుల్ని లెక్కించే యంత్రంలో) పెట్టి చూడాల్సిందే.

మీ విషయంలో నా బెంగంతా వేళ్ల గురించే. షీల్డ్ మొహాన్నీ ఒంటినీ కాస్తుంది, చేతులేమో దాన్ని దాటి అవతలికి వెళ్తాయి. ట్యూబ్‌ని వేళ్లతో కాకుండా పటకారుతో పట్టుకోండి, మూత తీసిన ట్యూబ్ మీదుగా చెయ్యి పోనివ్వకండి. ఉంగరం డోసిమీటర్ (వేలికి తగిలిన రేడియేషన్‌ని కొలిచేది) గ్లోవ్ లోపల, ట్యూబ్ వైపు తిరిగి ఉండాలి. గ్లోవ్స్ రెండు జతలు వేసుకుని, పైజత తరచూ మార్చండి. గైగర్ కౌంటర్ పని మొదలెట్టకముందే ఆన్ చేసి పక్కనే ఉంచుకుని, మధ్యమధ్యలో చేతులూ, పిపెట్టూ, చివర్లో సెంట్రిఫ్యూజ్ లోపలా, ఫ్రిజ్ హ్యాండిలూ చూడండి (అందరూ మర్చిపోయేది ఆ హ్యాండిలే). ముందురోజు రంగునీళ్లతో మొత్తం ఒకసారి చేసి చూసుకుంటే అసలు రోజు తడబాటు తగ్గుతుంది, ట్యూబ్ దగ్గర గడిపే సమయమూ తగ్గుతుంది.

చర్మం మీద పడితే గట్టిగా రుద్దకండి, గోరువెచ్చని నీళ్లూ సబ్బూ వాడి మెల్లగా కడిగి, వెంటనే రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌కి చెప్పండి.

వ్యర్థాల డబ్బా మీద ఐసోటోప్ పేరూ తేదీ రాసి, దాన్నీ అక్రిలిక్ వెనకే పెట్టండి. ఫాస్ఫరస్-32 అర్ధాయువు (సగానికి తగ్గే సమయం) 14.3 రోజులు, అంటే డబ్బాని అలా ఉంచితే సుమారు 143 రోజుల్లో దాని రేడియోధార్మికత వెయ్యోవంతు కన్నా తగ్గుతుంది. ట్రిటియందేమో 12.3 ఏళ్లు. పక్క బెంచివాళ్లు పొరపాటున మీ డబ్బాలో ట్రిటియం వ్యర్థం ఏదైనా వేస్తే ఆ డబ్బా ఇక మీ పీహెచ్‌డీ అయ్యేదాకా కదలదు.